మిగుల్చుకున్న చెక్క

చెకుముకి తుపాకీ పేలడానికి నగిషీ అక్కర్లేదు. రాయి ఉక్కును గీస్తుంది, నిప్పురవ్వ మందులో పడుతుంది, గుండు దూసుకుపోతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమండ్ హైదరాబాదులో ఫిరంగులు పోయించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆ కార్ఖానాదే. అక్కడ కావలసింది సంఖ్య. నగిషీ పని ఎక్కువగా దొరల వేట తుపాకులకు దక్కేది.

ఆ తుపాకుల ఇనుము మీద బంగారం నిలపడానికి మన దేశపు పనివాళ్ళు కోఫ్త్‌గరీ చేసేవారు. విత్తుకు ముందు చేను దున్నినట్టు, ఇనుమును అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా సన్నగా గీస్తారు. ఆ గరుకు మీద బంగారు తీగను పరిచి సుత్తితో కొడతారు. గీతలే తీగను పట్టుకుంటాయి. బీదరు బిద్రీలో వెండికి గాడి తవ్వుతారు, కోఫ్త్‌గరీలో ఆ లోతు కూడా ఉండదు. అంత పలచటి ఆధారం మీద శతాబ్దాలు నిలిచిన పని అది.

తుపాకీ పిడి మీది చెక్క పని నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. చెక్కిన లత ఉబ్బెత్తుగా కనబడాలంటే చుట్టూ ఉన్న చెక్కను కిందికి దించాలి. అందుకని పిడికి ఆకారం తీస్తున్నప్పుడే లత రావలసిన చోట కాస్త చెక్క మిగుల్చుకుంటారు. ముందే పూర్తిగా చెక్కేస్తే తర్వాత ఎంత నేర్పున్నా పైకి తేలేరు. చెంప ఆనే చోటును నున్నగా వదిలేస్తారు. పిడికిలి పట్టే చోట గళ్ళు కోస్తారు, చెమటకు చెయ్యి జారకుండా.

ఇది ప్రాణం తీసే వస్తువన్న సంగతి నేను మరవను. నగిషీ ఆ పాపాన్ని కడగదు. నేను మెచ్చేది ఆ చేతిని, ఆ ముందుచూపును.

నాచారం, మౌలాలి షెడ్లలో లేతుల ముందు నిలబడే కుర్రాళ్ళకు ఆ నేర్పు లేదనను. వాళ్ళ రోజులో మిగుల్చుకున్న చెక్క లేదు. షిఫ్టు, దానిమీద ఓటీ, ఆపైన బస్సు. మన ఇళ్ళలోనూ అంతే. తీరిక దొరికాక అందం చూద్దామనుకుంటాం, అప్పటికి చెక్క అయిపోయి ఉంటుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం చూసి వెనుదిరగకండి. ఆయుధాల గదికి కూడా వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. ఒక్క పిడి దగ్గరైనా తాపీగా నిలబడండి.