మంట లేని పొయ్యి

మా అమ్మతో నేను చెప్పిన ఒక అబద్ధం సరిగ్గా పదకొండు రోజులు నిలిచింది. అది చిన్న అబద్ధమో పెద్ద అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతివారికీ ఏదో ఒక రూపంలో ఈ చిక్కు ఎదురయ్యే ఉంటుందని నా అనుమానం. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది హోసూరు. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం. ఈ పత్రిక చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. అమ్మకు 79 ఏళ్లు. నేనూ నా భార్యా పనులకు పోతాం, అమ్మాయి బడికి పోతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఇంట్లో అమ్మ ఒక్కతే. వండిపెట్టి పోతే తినదు. "సల్లటి కూడు ఎవరికిరా" అని గిన్నె పక్కకు నెట్టి, మళ్లీ పొయ్యి ముట్టిస్తుంది.

ఒకనాడు పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. పక్కింటావిడ కిటికీలోంచి వాసన పసిగట్టి పరుగెత్తుకొచ్చి కట్టేసింది. నెల తిరక్కముందే మరోసారి. సాయంత్రం నేను తలుపు తీసేసరికి ఇల్లంతా గుప్పున వాసన. అమ్మ నడింట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. "ఏం వాసనరా?" అంది. అప్పుడు అర్థమైంది, ఆమె మరిచిపోవడం ఒక్కటే కాదు, ఆమెకు వాసన తెలియడం లేదు. వంట గ్యాస్‌కు తనకంటూ చెప్పుకోదగ్గ వాసన లేదు, కారితే తెలియాలని ఆ దుర్వాసనను కావాలనే కలుపుతారు. గాలికంటే బరువైనది గనుక అది నేలబారున పేరుకుంటుంది. అంటే ఆ ఏర్పాటంతా మనిషి ముక్కును నమ్ముకుని ఉంది. ఆ ముక్కు పనిచేయనివాళ్ల సంగతి ఎవరు ఆలోచించాలి?

మర్నాడే పోయి ఇండక్షన్ పొయ్యి కొన్నాను. అంగట్లో ఉన్నవాటిలో చవక రకం, 1,900 రూపాయలు. 1800 వాట్లని వెనక చీటీ ఉంది. ఇంటికి తెచ్చి మామూలు చిన్న ప్లగ్గులో పెట్టాను. పది నిమిషాల్లో ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత కాలింది. లెక్క వేసుకుని ఉంటే ముందే తెలిసేది. 230 వోల్టుల దగ్గర 1800 వాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు, చిన్న సాకెట్టు 6 ఆంపియర్లదే. కరెంటు పనివాణ్ని పిలిచి 16 ఆంపియర్ల సాకెట్టు వేరే వైరుతో పెట్టించాను. చవక పొయ్యి చివరికి అంత చవకగా రాలేదు. ప్రమాదం తప్పించబోయి ఇంకో ప్రమాదాన్ని ఇంట్లోకి తెచ్చేవాణ్నే, అది వేరే మాట.

ఇక అబద్ధం. అమ్మ మా అక్క ఇంటికి బెంగుళూరు పోయి నాలుగు రోజులుంది. ఆ సమయంలో సిలిండరు విప్పి మేడ మెట్ల కింద గదిలో పెట్టి, మీద గోనెపట్టా కప్పాను. గ్యాస్ పొయ్యిని అటక ఎక్కించాను. ఆమె తిరిగి వచ్చాక, "ఈ నెల సిలిండర్లు రావడం లేదమ్మా, వచ్చేదాకా దీంతో సర్దుకుందాం" అన్నాను. నా భార్య నా ముఖం చూసింది గానీ ఏమీ అనలేదు.

అమ్మ ఆ నల్లటి అద్దం పలక చుట్టూ ఒకసారి తిరిగింది. "మంట యాడుండాదిరా దీంట్లో?" అంది. మంట లేదని, గిన్నే పొయ్యి అవుతుందని చెప్పబోయాను. నిజానికి జరిగేది అంతే. అద్దం కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు వేలసార్లు దిక్కు మారుతూ పారుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం పైనున్న గిన్నె అడుగులో కరెంటు సుళ్లను పుట్టిస్తుంది. ఆ సుళ్లకే ఇనుము వేడెక్కుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. అద్దం తనంతట కాలదు, గిన్నె వేడికి కాలుతుంది. అమ్మ అంతా విని, "పిడకల పొయ్యి చూసినా, పొట్టు పొయ్యి చూసినా, కిరసనాయిలు పొయ్యి చూసినా. వాటన్నిటికీ కన్నుండె. దీనికి కన్ను లేదే" అంది.

మంటను చూసి వండే మనిషికి అంకెలు చూసి వండమంటే ఎట్లా? పలక మీద పాలు, ఇడ్లీ, కూర అని ఇంగ్లీషులో గుర్తులున్నాయి. అమ్మ చదివేది తెలుగు ఒక్కటే. మా అమ్మాయి ఆన్ చేసే మీటకు ఎర్రటి బొట్టుబిళ్ల, ఆపే మీటకు నల్లటి బొట్టుబిళ్ల అతికించింది. ఆ ఉపాయం పనిచేసింది. ఇంకొక చిక్కుకు మాత్రం ఉపాయం దొరకలేదు. చవక రకాల్లో సన్నసెగ అన్నది పేరుకే. తక్కువ అంకె పెడితే కాసేపు పూర్తి వేడి, కాసేపు ఏమీ లేదు. పప్పు కుతకుతలాడుతుంది, ఆగిపోతుంది, మళ్లీ కుతకుత. "ఇదేందిరా, ఎక్కిళ్లు పట్టినట్టు" అని అమ్మ.

అసలు బాధ గిన్నెల దగ్గర వచ్చింది. అయస్కాంతం అతుక్కునే గిన్నెలే దీనికి పనికొస్తాయని అంగడివాడు చెప్పాడు. ఫ్రిజ్జు మీది వెంకటేశ్వరస్వామి బొమ్మ వెనక అయస్కాంతం ఉంది. అది పట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. ఇత్తడి తపేలా, అతుక్కోలేదు. కంచు గిన్నె, లేదు. రాగి చెంబు, లేదు. సత్తు గిన్నెలు నాలుగూ లేవు. రాతిచిప్ప, ఇక్కడివాళ్లు కల్‌చట్టి అంటారు, అది రాయే గనుక అడగనక్కర్లేదు. స్టీలు గిన్నెల్లో కొన్ని అతుక్కున్నాయి, కొన్ని జారిపోయాయి, స్టీల్లోనూ జాతులున్నాయట. మొత్తం మీద గట్టిగా పట్టుకున్నది ఇనప పెనం ఒక్కటే. దాని అడుగేమో వంకర, అద్దం మీద నిలవదు.

ఆ ఇత్తడి తపేలా అంచున మా తాత పేరు, ఊరి పేరు తెలుగు అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. కంచు గిన్నె మీద అమ్మ పేరు, ఆమె పెళ్లి సంవత్సరం. మా అమ్మాయికి తమిళం చక్కగా వచ్చు, ఇంగ్లీషు వచ్చు. 2006 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి కదా, అది నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. తెలుగు అక్షరాలు మాత్రం దానికి మేము నేర్పలేదు. నేర్పాలనుకుంటూనే ఏళ్లు గడిచాయి. అమ్మ అప్పుడప్పుడు ఆ గిన్నెలు తోముతూ దానితో ఒక్కొక్క అక్షరం పలికించేది. ఇప్పుడు ఆ గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను, గ్యాస్ పొయ్యి పక్కన. ఇది పొయ్యి చేసిన పని కాదు, నేను చేసిందే. వండకపోయినా అవి వంటింటి అరలో ఉండవచ్చు. కొత్త స్టీలు గిన్నెలకు చోటు కావాలని తీసేశాను.

ఇంక సంగటి. రాగి సంగటి గెలికేటప్పుడు కుండను కదలకుండా బిగించి పట్టాలి, రెండు చేతులా బలంగా తిప్పాలి. నున్నటి అద్దం మీద గిన్నె గిర్రున తిరుగుతుంది. గట్టిగా అదిమితే అద్దం పగులుతుందేమోనని భయం. అమ్మ రెండు రోజులు ప్రయత్నించి మానేసింది. మూడోనాటి నుంచి మధ్యాహ్నం పాలు కాచుకుని, అందులో రొట్టె ముక్కలు నానబెట్టుకుని తింటోందని ఆలస్యంగా తెలిసింది. వంకాయ కాల్చి పచ్చడి చేయడం, అప్పడం నిప్పు మీద కాల్చడం, అన్నీ ఆగిపోయాయి. ఇల్లు మాత్రం క్షేమంగా ఉంది. నేను ఫ్యాక్టరీలో నిశ్చింతగా పనిచేసుకున్నాను.

ఆ నిశ్చింత గురించే నా ప్రశ్న. ఎవరి కోసం కొన్నాను ఆ పొయ్యి? అమ్మ ప్రాణం కోసమని చెప్పుకున్నాను, అది అబద్ధం కాదు. పక్కిళ్లవాళ్ల ప్రాణాలు కూడా. అయితే ఆమెకు ఎదురుగా చెప్పడానికి జంకింది మాత్రం నా సుఖం కోసమే. చెప్పి ఉంటే ఏడ్చేదేమో, "నాకు మతి తప్పిందంటావా" అని అడిగేదేమో. ఆ మాట వినలేక సిలిండర్ల కరువు సృష్టించాను.

అక్కకు ఫోనులో చెప్తే, "ప్రాణం మీదికి వచ్చినప్పుడు అబద్ధం ఆడినా పాపం లేదు, శుక్రాచార్యుడే చెప్పాడు" అంది. పోతన భాగవతంలో వామన చరిత్ర మనలో చాలామందికి నోటికి వచ్చిన ఘట్టమే. ఏయే సందర్భాల్లో బొంకవచ్చునో శుక్రుడు బలికి చెప్తాడు, ప్రాణాపాయం అందులో ఒకటి. జర్మనీ తత్త్వవేత్త కాంట్ దీనికి పూర్తిగా ఎదురు. మిత్రుణ్ని చంపడానికి వచ్చినవాడు అడిగినా సరే అబద్ధం చెప్పకూడదని 1797లో ఒక వ్యాసమే రాశాడు. కాంట్ మాట నాకు ఎప్పుడూ రుచించలేదు. ఇంట్లో ముసలివాళ్లను చూసుకోవలసి వచ్చిన మనిషి అంత కఠినంగా రాయగలడా అనిపిస్తుంది. కాబట్టి శుక్రుడి పక్షమే నాకు అనుకూలం.

కానీ ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆ ఘట్టాన్ని మళ్లీ గుర్తుచేసుకుంటే వేరే సంగతి తట్టింది. అబద్ధానికి అనుమతి ఇచ్చిన శుక్రుడు బలితో అబద్ధం చెప్పలేదు. వచ్చినవాడు వటువు కాదు విష్ణువని, ఇస్తే సర్వం పోతుందని ఎదురుగా చెప్పాడు. బలి వినలేదు. శుక్రుడికి కోపం వచ్చింది, శపించాడు కూడా.  శిష్యుడి మంచి కోరి శిష్యుడికి ఎదురుగా నిజమే చెప్పాడు ఆ గురువు. నేను శుక్రుణ్ని అడ్డం పెట్టుకున్నాను గానీ ఆయన చేసిన పని చేయలేదు.

దీనికి ఒక బదులుంది. బలి మతిమరుపు మనిషి కాదు. మరిచిపోయే మనిషితో నిజం చెప్పి ఏం లాభం, రేపటికి మరిచి మళ్లీ ముట్టిస్తుంది కదా అనవచ్చు. ఇది తీసివేయదగిన వాదన కాదు. మతి పూర్తిగా తప్పినవాళ్ల విషయంలో నేనూ ఇదే అంటాను. కానీ మా అమ్మ మరిచిపోయేది పొయ్యి కట్టడం. తన మేనమామ కూతురి మనవడి పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో చెప్పగలదు. ఆమె మతి ఏ మేరకు తగ్గిందో కొలవకుండానే పూర్తిగా తగ్గినట్టు నడుచుకున్నాను. మంట ఆరితే తనంతట గ్యాస్ ఆపుకునే పొయ్యిలు కూడా అంగట్లో ఉన్నాయని తర్వాత తెలిసింది. ముందు వెతకలేదు. తొందరలో ఉన్నాను.

పదకొండోనాడు గ్యాస్ బండి మా వీధిలోకి వచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురింటి ముందు సిలిండరు దించడం చూసి, "అప్పా, ఈ నెల గ్యాస్ లేదంటిరే?" అని తమిళంలో అడిగిందట. "ఎవరు చెప్పార్రా పాటీ, ఎప్పట్లాగే వస్తోంది" అన్నాడట ఆ కుర్రాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ ఏమీ అరవలేదు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక కాఫీ ఇచ్చి అడిగింది. "మెట్ల కింద గోనెపట్టా కింద ఉండేది ఏందిరా?"

చెప్పాను. వాసన తెలియడం లేదన్న సంగతితో సహా అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచిపోయి అగరువత్తి కట్ట తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి పెట్టుకుంది. "అవునురా, తెలిసేలేదు," అంది. "నాకు చెప్పుంటే నేనే ముట్టకుండా ఉందును గదా. మీ నాయన కూడా అంతే, డాక్టరు చెప్పింది నాకు చెప్పకుండా దాస్తా వచ్చె."

నాన్న సంగతి నాకు తెలియదు. ఆయన పోయి పదహారేళ్లు. జబ్బు ముదిరిందని ఆమెకు ముందే తెలిసి ఉంటే ఏం చేసేదో అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు గ్యాస్ పొయ్యి కిందికి దిగింది. సిలిండరు దగ్గర రెగ్యులేటరు పొద్దున నేను పోయేటప్పుడు కట్టేస్తాను, ఆమె చూస్తుండగానే. అది ఆమె పెట్టిన షరతు. పగలు బొట్టుబిళ్లల పొయ్యి మీద పాలు, ఉప్మా, చారు. తమిళనాడులో 2016 నుంచి ఇళ్లకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం గనుక బిల్లు మరీ పెరగలేదు. రోజుకు గంట చొప్పున, సగటున 1200 వాట్లనుకున్నా నెలకు 36 యూనిట్లే. ఆదివారం రాతిచిప్పలో పులుసు, ఇత్తడి తపేలాలో సంగటి. ఆమె గెలుకుతుంటే నేను తపేలా పట్టుకుంటాను. గోనెసంచి విప్పినప్పుడు కంచు గిన్నె అంచు కాస్త నొక్కుకుని ఉంది, అమ్మ పేరులో చివరి అక్షరం దగ్గర. అటక మీద వేసేటప్పుడు నేనే పడేసి ఉంటాను. అమ్మ దాన్ని చూసింది గానీ ఏమీ అడగలేదు. నేనూ ఇంకా చెప్పలేదు.