పైకప్పు క్రింద పదునైదు చుట్లు

దూరపు పరుగన్నంతనే ఆరుబయలును, ఎదురుగాలియు మనసునకు వచ్చును. ఐనను మంచు కురియు దేశములలో చలికాలమున పైకప్పుగల మందిరములయందు, రెండువందల మీటర్ల చిన్న బాటపై, గానుగెద్దువలె తిరిగిన చోటనే తిరుగుచు పరుగెత్తుటయు ఒక విద్యయై వర్ధిల్లినది. మూడువేల మీటర్ల పందెమనగా పదునైదు చుట్లు, ముప్పది మలుపులు. మలుపులకడ బాటను వెలుపలివైపు ఎత్తుగా, ఏటవాలుగా నిర్మింతురు. అచ్చట ముందువారిని దాటగోరినవారు ఆ ఎత్తునకెక్కి హెచ్చు దూరము పరుగిడవలసియుండుటచే, తెలిసినవారు సూటిబాటకై వేచియుందురు. అదియేమో కొలది క్షణములలో తీరిపోవును!

ఈ నిరీక్షణముతో పరుగు మందగించుట పతకపు పోటీలకు స్వభావమై కూర్చున్నది. 1989లో బుడాపెస్టునందు నెదర్లాండ్సు వనిత ఎల్లీ వాన్ హుల్స్ట్ 8 నిమిషముల 33.82 సెకన్లలో నెలకొల్పిన ప్రపంచ ఇండోర్ పోటీల రికార్డు ముప్పదియైదేండ్లు చెక్కుచెదరలేదు. ఇథియోపియా మేటి మెసెరెట్ దెఫార్ 2004 మొదలు వరుసగా నాలుగుమారులు స్వర్ణము గెలిచియు దానిని తాకలేదు. శక్తి చాలక కాదు, 2007లో వేరొక పందెమున ఆమె 8 నిమిషముల 23.72 సెకన్లలో పరుగు ముగించినది గదా! స్వర్ణమునకు అంత వేగము అక్కరలేకపోయినదని నా తలంపు.

2024 మార్చిలో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ ఇండోర్ పోటీలలో ఆ ఆనవాయితీ తప్పినది. అప్పట్లో అయిదువేల మీటర్ల ప్రపంచ రికార్డు కలిగియుండిన ఇథియోపియా యువతి గుదాఫ్ త్సెగేయు, కెన్యాకు చెందిన బియాట్రిస్ చెప్కోచ్‌యు ఒకరినొకరు కనిపెట్టుచు కాలము గడపక, ముందునడిచి వేగము హెచ్చించిరి. వారిని వీడక వెంటనంటి వచ్చినది అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున భర్తతో కూడి పాడిపశువులను పోషించుకొను ఎల్ సెయింట్ పియర్. ఆమె బిడ్డకు అప్పటికింకను ఏడాది నిండలేదు. రెండేండ్లకు ముందు బెల్‌గ్రేడులో ఇదే పందెమున రజతముతో సరిపెట్టుకొనిన ఆ తల్లి, కడపటి సూటిబాటలో త్సెగేను దాటి 8 నిమిషముల 20.87 సెకన్లలో గెలిచినది. త్సెగేకు 8 నిమిషముల 21.13 సెకన్లు పట్టినవి. మూడవదిగా వచ్చిన చెప్కోచ్ సైతము పాత రికార్డును పదునొకండు సెకన్లకు పైగా మించినది.

ఆహ్వాన పందెములలో వేగమును నిలుపుటకై ముందు పరుగెత్తువారిని ప్రత్యేకముగ నియమించుకొందురు, కొంత దూరము నడిపించి వారు తప్పుకొందురు. గ్లాస్గోలో అట్టివారు లేరు. స్వర్ణమును కోరి వచ్చినవారే ఆ పనిని తలకెత్తుకొని, తుదివరకును తప్పుకొనక పరుగెత్తిరి.