8000 ఆర్పీఎం దగ్గర ఆప్తవాక్యం

హైదరాబాద్ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్ బిగుసుకుంటే ఏ బండికైనా నత్తనడకే. అయినా ఆ చుట్టుపక్కల షోరూముల్లో కుర్రాళ్లు ముందుగా అడిగేది "పవరెంత, పికప్ ఎంత?" అనే. సేల్స్‌మన్ ఒక అంకె చెబుతాడు. నాచారం మెకానిక్ ఇంకోటి చెబుతాడు. స్నేహితుడు స్పీడోమీటరు ఫొటో చూపిస్తాడు. ఎవరి మాట నమ్మాలి?

తర్కశాస్త్రానికి ఇది పాత ప్రశ్నే. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన 17వ శతాబ్దపు పండితుడు అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పాడు. శబ్దమంటే ఆప్తుడి మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. చార్వాకులు మాత్రం ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు. బండి దగ్గర వాళ్ల దారి పట్టినవాణ్ని ముందు స్పీడోమీటరే బోల్తా కొట్టిస్తుంది. అసలు వేగం కంటే తక్కువ చూపకుండా ఉండేందుకు కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువ చూపేలానే అమరుస్తాయి.

మరి కంపెనీ అంకె సంగతి? హీరో స్ప్లెండర్ ప్లస్‌కి 8000 ఆర్పీఎం దగ్గర 5.9 కిలోవాట్ల పవరు, 6000 దగ్గర 8.05 న్యూటన్ మీటర్ల టార్క్ అని ప్రకటించారు. అనుమానప్రమాణం, అంటే తెలిసినదాన్నుంచి తెలియనిదాన్ని తేల్చుకోవడం, ఇక్కడ అక్కరకొస్తుంది. టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు తేలతాయి. 6000 దగ్గర 5.06 వస్తుంది. 8000 దగ్గర 5.9 కావాలంటే టార్క్ ఏడుకు దిగాలి. గరిష్ఠం దాటాక టార్క్ తగ్గడం సహజమే కనుక లెక్క పొసగింది. అదే 5.9 ఒకచోట 8.02 పీఎస్ అవుతుంది, మరోచోట 7.91 బీహెచ్‌పీ అవుతుంది. ఇంజిన్ మాత్రం ఒక్కటే.

రింగురోడ్డు మీద రోజూ నలిగేవాడు 8000 దాకా లాగేదెప్పుడు? అతనికి ఏ ఆర్పీఎంలో ఎంత టార్క్ అన్నదే ముఖ్యం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 27 న్యూటన్ మీటర్లు 4000 దగ్గరే అందుతాయి.

బాధకం, అంటే తప్పని చూపే ఆధారం, కనబడేదాకా జ్ఞానం తనంతట తానే ప్రమాణమన్నారు మీమాంసకులు. ప్రామాణ్యం వేరే ఆధారంతో తేలాలన్నారు అన్నంభట్టు వంటి నైయాయికులు. అంకెల విషయంలో నైయాయికుల పక్షమే సరైనది. కంపెనీలు చెప్పే పవరు ఇంజిన్ దగ్గర కొలిచి, ప్రామాణిక వాయుపీడనానికీ ఉష్ణోగ్రతకూ సరిచేసినది. గేర్‌బాక్సు, చైను దాటి చక్రానికి చేరేది అంతకన్నా తక్కువ. పైగా హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, గాలి కొంత పలుచన. కంపెనీ అబద్ధమాడలేదు. కొలిచిన పరిస్థితిని వదిలేసి ఒట్టి అంకెను చేతులు మార్చినవాళ్లే దాన్ని తప్పుదోవ పట్టించారు.

కాబట్టి ముందు కంపెనీ సొంత స్పెసిఫికేషన్ పట్టిక, ఓనర్స్ మాన్యువల్ చూడాలి. పాత బండి కొనేవాడు పట్టికలోని సీసీని ఆర్‌సీలోని సీసీతో పోల్చుకోవాలి. పుణేలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థల్లో తేలిన మైలేజీ ప్రయోగశాలలో రోలర్ల మీద వచ్చినది. బండికీ బండికీ పోలికకు అది బాగా పనికొస్తుంది, నాచారం గతుకులకు హామీ ఇవ్వదు. ఇక పత్రికల రోడ్డు పరీక్షలు. సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లో చెప్పినప్పుడు జీపీఎస్ పరికరంతో కొలిచారా, నడిపినవాడి బరువెంత, వెనక ఎవరైనా కూర్చున్నారా అన్నవి కూడా రాసిన పరీక్షనే లెక్కలోకి తీసుకోవాలి.