లావు వెల్డు చూసి మురిసిపోకు

నాన్నా, చమురు ట్యాంకుల పనిలో సైటు ఇంజినీరుగా చేరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. వెల్డు సన్నగా ఉంటే నువ్వెలాగూ ఊరుకోవు, ఆ భయం కాలేజీలోనే పెట్టేస్తారు. లావుగా ఉన్నదాన్ని చూసి మురిసిపోతావేమోనన్నదే నా బెంగ.

డ్రాయింగులో 6 మి.మీ. ఫిల్లెట్ అని ఉంటుంది. "గట్టిగా ఉంటుంది లెండి సార్" అంటూ వెల్డర్ 8 వేసేస్తాడు. మనసు మంచిదే, లెక్కే కుదరదు. బలం పెరిగేది మూడోవంతు. లోహం మాత్రం లెగ్గు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 36 పాళ్లు పట్టేచోట 64 పడుతుంది. రాడ్ల ఖర్చు కంపెనీ చూసుకుంటుందిలే. ఆ వేడి మాత్రం పల్చటి బాటమ్ ప్లేట్లలోకే పోతుంది. వెల్డు చల్లారుతూ ముడుచుకుని ప్లేటును లాగితే అడుగంతా అప్పడంలా లేస్తుంది. లేచినచోట కింద ఆధారం ఉండదు, పల్లంలో నీళ్లు నిలిచి తుప్పు మొదలవుతుంది. ప్లేట్ల మధ్య సందు ఉన్నప్పుడు ఆ మేరకు లెగ్గు పెంచడం వేరు, అది న్యాయమే. అంతకంటే ముందు ఫిట్టర్‌తో ఆ సందు సరిచేయించడం మేలు.

అసలు జాగ్రత్త రూఫ్ దగ్గర కావాలి. ఫ్రాంజిబుల్ రూఫ్ అని ఉంటే, రూఫ్ ప్లేటును టాప్ యాంగిల్‌కు కలిపే ఫిల్లెట్ 5 మి.మీ. దాటకూడదంటుంది ట్యాంకుల ప్రమాణం ఏపీఐ 650. చాలామంది దాన్ని కనీస కొలత అనుకుంటారు, అది గరిష్ఠం! ఆ అతుకును కావాలనే బలహీనంగా ఉంచారు. లోపల ఆవిర్లు అంటుకుని పీడనం ఎగదన్నితే ముందు అదే చీలాలి, చమురు ట్యాంకులోనే మిగలాలి. పైన అడ్డదిడ్డంగా లోహం పోసి బిగించేస్తే అడుగున షెల్ అతుకు ముందు తెగొచ్చు. అప్పుడు మండే చమురు నేలమీదికే వస్తుంది. ఫైరింజన్ వాళ్లు నిలబడేదీ అక్కడే. మన సైట్లలో ఈ ఒక్క అతుకును పట్టించుకునేవాళ్లు తక్కువ.

వెల్డర్‌ను కసురుకోకు. మొదటి మీటరు పూర్తవగానే ఇద్దరూ కూర్చుని గేజి పెట్టి చూడండి. రూఫ్ మీద 5 దాటితే గుట్టుగా రంగు వేయించేయకు. కొలతలు రాసి డిజైన్ వాళ్లకు పంపు, వాళ్ల జవాబు వచ్చేదాకా ఆ పని ఆపు.