తిరిగొస్తానన్న మాటకు సాక్ష్యం

మనిషి ఒక మాట చెప్తే నమ్మాలా, నమ్మే ముందు సాక్ష్యం అడగాలా? బడిలో పిల్లలకు నేను చెప్పే జవాబు వేరు, లోకం నడిచే తీరు వేరు. ఊరి పెద్ద "రేపిస్తాలే" అంటే అంగడాయన పద్దు రాసుకుని సరుకిచ్చేవాడు. మా నాయన అదే మాటంటే ఇత్తడి చెంబు తాకట్టు పెట్టమనేవాడు. ఇద్దరూ అన్నది ఒకే మాట. ఆ మాట ఊర్లోంచి వచ్చిందా, మాదిగగేరిలోంచి వచ్చిందా అన్నదే తేడా. అందుకే ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కంటే ముందు ఇంట్లోనే ఎదురైంది.

ఈమధ్య అది ఇంకో దారిలో మా ఇంటికొచ్చింది. మా అమ్మ అమెరికాకు టూరిస్టు వీసా అడిగింది. ఇయ్యలేదు. మళ్ళీ అడగాలా, అడిగితే ఎట్లా అడగాలి అని మా ఇంట్లో నెలల తరబడి వాదన జరిగింది. ఆ వాదనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పాలి. అమెరికా వలస చట్టం 1952లో వచ్చింది. అందులో 214(బి) అని ఒక సెక్షనుంది. చూసి వస్తానని వీసా అడిగే ప్రతి మనిషినీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టు లెక్కగట్టమంటుంది అది. కాదని రుజువు చేసుకోవాల్సింది అడిగినవాళ్ళే. సొంత దేశంలో తమను కట్టిపడేసే బంధాలేవో చూపించాలి: ఇల్లు, భూమి, ఉద్యోగం, కుటుంబం. అధికారికి నమ్మకం కుదరకపోతే ఒక కాగితం చేతికిచ్చి పంపిస్తారు. దానిమీద అప్పీలు లేదు. మళ్ళీ ఎప్పుడైనా అడగొచ్చు. అడిగితే మళ్ళీ 185 డాలర్లు, అంటే పదిహేను వేల రూపాయలకు పైనే కట్టాలి. కొత్త ఫారంలో "ఇంతకుముందు మీకు వీసా నిరాకరించారా" అన్నచోట అవునని రాయాలి.

అదే 1952లో మన దేశం నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేసింది. 1871లో తెల్లవాళ్ళు చేసిన చట్టమది. ఎరుకల వంటి కులాల్లో పుట్టినవాణ్ణి పుట్టుకతోనే దొంగ కింద లెక్కగట్టి పోలీసు హాజరు వేయించింది. ఈ రెండు చట్టాలూ ఒకటేనని నేననను. ఆ చట్టం కొన్ని పుట్టుకల మీదే పడింది. వీసా చట్టం రెడ్డినీ మాదిగనూ ఒకే తీరుగా అనుమానిస్తుంది. తన ఇంటికి వచ్చేవాణ్ణి "ఎప్పుడు పోతావు" అని అడిగే హక్కు ఏ ఇంటాయనకైనా ఉంటుంది. కాకపోతే, అందరినీ ఒకే తీరుగా అనుమానించినంత మాత్రాన ఆ అనుమానం తీర్చే శక్తి అందరికీ ఒకటే ఉండదు. నా బాధంతా ఈ చోటనే.

మా తమ్ముడు మా వంశంలో రెండో గ్రాడ్యుయేటు. మొదటిదాన్ని నేను. వాడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోయి, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే వాడికి కొడుకు పుట్టాడు. పిల్లోనికి మూడేండ్లు. అమ్మ వాణ్ణి ఫోనులో తప్ప చూడలేదు. తమ్ముడొస్తే మళ్ళీ పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకునే పోవాలి. తేదీలు దొరక్క ఇక్కడే చిక్కుకుపోతే ఉద్యోగానికే ముప్పు. పిల్లోడు అక్కడి పౌరుడు గనక వాడు జేజి ఇంటికి రావాలన్నా మన దేశం వీసా అడగాల్సిందే. జేజికీ మనవడికీ మధ్య సముద్రం ఒక్కటే అయ్యుంటే ఎట్లో దాటేవాళ్ళు.

ఆ పిల్లోనికి ఇంకో అవ్వ ఉంది. మా మరదలిది నంద్యాల పక్క పల్లె, భూములున్న ఇల్లు. వాళ్ళది వేరే కులం. ఆమె తల్లి మొదటిసారి అడగంగానే పదేండ్ల వీసా వచ్చింది. ఆ తల్లి చెడ్డదని కాదు, మా అమ్మ కంటే ఎక్కువ నిజం చెప్పిందనీ కాదు. ఇద్దరూ చెప్పింది ఒకటే: మనవణ్ణి చూసి వస్తామని. మా అమ్మను రెండు నిమిషాలు అడిగారు, తెలుగులోనే. ఏం పని చేస్తారు? సొంత ఇల్లుందా? భూమి ఎంత? బ్యాంకులో ఎంత? "లేదు సార్, లేదు సార్" అంది అమ్మ. ఇంక చెప్పే సందు దొరకలేదు. ఆ కిటికీ దగ్గర ఎవరూ కులం అడగలేదు. అడిగిన నాలుగు ప్రశ్నలకూ జవాబు మాత్రం మా కులం చరిత్రలోనే ఉంది.

ఎట్లనో చెప్తాను. మా తాత జీతగాడు. అప్పు కింద ఒక ఇంటికి కట్టుబడి బతికాడు. తిరిగొస్తావా అని ఆయన్ను ఎవరూ అడగలేదు, ఊరు దాటి పోనిస్తే గదా. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి ఆ కట్టు తెగింది. ఐదేండ్లకు ఊరే పోయింది. శ్రీశైలం డ్యాం కోసం 1981లో కృష్ణ ఒడ్డున వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. లక్ష మంది దాకా చెల్లాచెదురయ్యారు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మంచిదే. మా గేరిని విప్పి ఎక్కడా నిలబెట్టలేదు. 1894 నాటి భూసేకరణ చట్టం భూమి గలవాడికి భూమి ఖరీదు కట్టింది. ఆ భూమిలో కూలి చేసి బతికినవాడి బతుకుకు ఖరీదు కట్టే పద్ధతి అందులో లేదు. కూలోళ్ళు కూడా నష్టపోయినవాళ్ళేనని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది.

అట్లా మావాళ్ళు డ్యాం పక్కన సున్నిపెంటకొచ్చి పడ్డారు. మా నాయన ప్రాజెక్టు పనుల్లో కూలి చేశాడు. అక్కడే పోయాడు, అక్కడే పూడ్చుకున్నాం. నలభై ఏండ్లకు పైగా ఉంటున్న ఇంటికి పట్టా లేదు. ఇప్పుడు మా అమ్మను "నిన్ను నీ ఊరికి కట్టేసేదేముంది?" అని అడుగుతున్నారు. ఆమెను కట్టేసిన ఊరు 885 అడుగుల నీటిమట్టం కింద ఉంది.

వీసా రాలేదని తెలిసి మా వియ్యంకుడు ఇంటికొచ్చాడు. పెండ్లయిన రెండేండ్ల దాకా మా గడప తొక్కనాయన. మనవడు పుట్టినాక మారాడు. మా అమ్మను "అక్కా" అని పిలుస్తాడు, మా ఇంట్లో అన్నం తింటాడు. ఆయన మనసులో కల్మషం లేదు. "అక్కా, నీ పేరు మీద పది లక్షలు వేస్తా. ఆర్నెల్లు ఉండనీ. మా చేను రెండెకరాలు నీ పేర రాయిస్తా. పని అయినాక తిరిగి రాసియ్యి" అన్నాడు. నేను ఒప్పుకోనంటే ఇట్లా వాదించాడు: "అక్క తిరిగొచ్చే మాట నిజమా కాదా టీచరమ్మా? నిజమే గదా. నిజాన్ని నమ్మించడానికి వాడే కాగితం అబద్ధమైతే ఎవురికి నష్టం? వాళ్ళకు కావాల్సింది అక్క వెనక్కి రావడం. వస్తుంది. ఇంక మోసమేడుంది?"

ఈ వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. దొరికితే జీవితాంతం ఆ దేశం గడప తొక్కనియ్యరని చెప్పి భయపెట్టొచ్చు. అది నిజం కూడా. కానీ భయం జవాబు కాదు. దొరకకపోతే మాత్రం తప్పు ఒప్పవుతుందా?

నేను చాలా దినాలు ఆలోచించాను. ఎందుకంటే దాచుకోవడం మాకు కొత్త కాదు. పట్నంలో బాడుగ ఇంటి కోసం కులం మార్చి చెప్పినవాళ్ళు మాలో ఎంతమంది లేరు? వాళ్ళను నేను ఒక్క మాట కూడా అనను. అంబేడ్కరంతటి మనిషి బరోడాలో పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని ఉండాల్సొచ్చింది. చదువు అయ్యాక పదేండ్లు కొలువు చేస్తానని బరోడా సంస్థానానికి మాటిచ్చి, 1913లో అమెరికా పోయి, ఆ మాట కోసం తిరిగొచ్చిన మనిషి ఆయన. తిరిగొచ్చినాయనకు తలదాచుకునే గది దొరకలేదు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి సత్రం నుంచి వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయనే 1935-36 ప్రాంతంలో రాసుకున్నాడు. 1990లో అచ్చయిన ఆ చిన్న పుస్తకానికి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని పేరు. సొంత దేశంలోనే వీసా కోసం కాచుకున్న కథ అది.

ఆయన పేరు మార్చి రాయించుకోవడం తప్పా? తప్పు కాదంటాను. "నీదే కులం" అని అడిగే హక్కు ఆ గుమ్మానికి లేదు. లేని హక్కుతో అడిగే ప్రశ్నకు నిజం చెప్పే బాకీ మనకు లేదు. అక్కడ దాచుకోవడం ప్రాణరక్షణ. వీసా కిటికీ దగ్గర అడిగింది అట్లాంటి ప్రశ్న కాదు. "తిరిగొస్తావా?" అని అడిగే హక్కు వాళ్ళకుంది. మా దగ్గర నిజమైన జవాబూ ఉంది. చెడిపోయింది తూకం, భూమినీ డబ్బునూ తప్ప ఇంకో బంధాన్ని సులభంగా తూచలేని తూకం. ప్రశ్నే అన్యాయమైతే నోరు మూసుకోవచ్చు, మారు పేరూ చెప్పొచ్చు. ప్రశ్న న్యాయమై తూకం చెడిపోయినప్పుడు మాత్రం తక్కెడలో అరువు రాయి పెట్టకూడదు. పెడితే ఆ తూకం సరైందేనని మనమే ఒప్పుకున్నట్టు. భూమి లేనిదాని మాటకు విలువ లేదని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు.

అమ్మ ఇంత పొడుగ్గా చెప్పలేదు. "ఆ లెక్కతో పొయ్యేది నేను గాదు గదన్నా, నీ చేను పోతాది" అంది వియ్యంకునితో. మా సీమలో లెక్క అంటే డబ్బు. ఆ మాటకు ఆయన నవ్వి, తల వంచుకున్నాడు.

ఇంక రెండో ప్రశ్న. ఒకసారి పొమ్మన్న గుమ్మం ముందు మళ్ళీ నిలబడటం ఆత్మగౌరవమేనా? నా తోటి టీచరొకాయన "మనల్ని వద్దన్నోళ్ళ ఇంటికి మనమెందుకు పోవాలి?" అన్నాడు. బాగానే ఉంది మాట. కానీ మా చుట్టూ చూస్తే అడిగిందే మళ్ళీ అడుగుతున్న జనమే. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. దాని కోసం అర్జీ మీద అర్జీ పెట్టి వయసు మీరినవాళ్ళున్నారు. వాళ్ళకు గౌరవం లేదని అనగలమా? అంబేడ్కర్ 1927లో మహద్ చెరువు దగ్గర నీళ్ళడిగాడు. 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టాడు. ఏండ్ల తరబడి ఆ తలుపు తెరుచుకోలేదు. 1935లో యేవలాలో, హిందువుగా చావనని చెప్పి ఆ గుమ్మానికే వీపు తిప్పాడు. అడగడంలోనూ గౌరవముంది, అడగడం మానడంలోనూ ఉంది. ఎప్పుడు ఏది అన్నదే తెలుసుకోవాలి. మన పుట్టుకే కారణమని తలుపేసినవాళ్ళ ముందు ఎన్నిసార్లు నిలబడినా మనం మార్చగలిగిందేమీ ఉండదు. అది మానుకోవాల్సిన గుమ్మం. "నాకు నమ్మకం కుదరలేదు" అన్నవాళ్ళ ముందు చెప్పని నిజం ఇంకా మిగిలుంటే, అది మళ్ళీ పోదగిన గుమ్మం.

మిగిలున్న నిజమేంది? నల్లమలలో చెంచుల సంగతి చూడండి. అడవిలో తరాలుగా ఉన్నవాళ్ళు అక్కడివాళ్ళేనని రుజువు చేసుకోవాల్సొచ్చింది. అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2008లో చేసిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. కాగితాలతో పాటు ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమే. పట్టా లేనివాడికి తోటి మనిషి నోటిమాట సాక్ష్యమని ఒప్పుకున్న చట్టమది. మనిషి భూమికి ఎంత కట్టుబడి ఉంటాడో, పక్క మనిషికీ అంతే కట్టుబడి ఉంటాడని దానికి తెలుసు.

అట్లా చూస్తే మా అమ్మ బంధాలకు కరువు లేదు. పొదుపు సంఘంలో పది మందిలో ఒకతి, సంఘం అప్పుకు పది మందీ పూచీ. తీర్మానాల పుస్తకంలో ఆమె వేలిముద్ర కాదు, సంతకమే ఉంటుంది. అరవై ఏండ్లకు దగ్గరపడుతుంటే నా దగ్గర నేర్చుకున్న సంతకం. నేను బడికి పోతే నా బిడ్డను సాకేది ఆమే. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల గుండా నడిచి మల్లన్న దగ్గరికొస్తారు. ప్రతి ఏడూ దారి పక్కన కుండ పెట్టుకుని వాళ్ళకు మజ్జిగ అమ్ముతుంది. నాయన సమాధి దగ్గర దీపం ఆమె తప్ప ఎవరూ పెట్టరు. "నేనాడ ఉండిపోతే ఈడ కంతు ఎవురు గడతారు పాపా? తొమ్మిదిమంది నా పేరు జెప్పి తిట్టుకోరూ?" అంటుంది. నాకు తెలిసిన ఏ పాసుపుస్తకం కంటే గట్టి పూచీ ఇది.

మళ్ళీ ఫారం నింపాం. స్థిరాస్తి గురించి అడిగితే లేదనే చెప్పాలని, ముందు నిరాకరించారా అన్నచోట అవునని రాయాలని తీర్మానించుకున్నాం. సంఘం అప్పు కాగితం, బ్యాంకులో ఉన్న పద్దెనిమిది వేల లెక్కా సంచిలో పెట్టుకున్నాం. ఆ కాగితాలు చూస్తారో చూడరో తెలీదు. చాలాసార్లు చూడరనే అంటారు. అందుకే అమ్మ తన జవాబును సిద్ధం చేసుకుంది. వియ్యంకుడు కట్టిస్తానన్న ఫీజు కూడా వద్దని, మజ్జిగ అమ్మిన డబ్బుతో తనే కట్టింది. ఇంటర్వ్యూ తేదీ వచ్చే నెలలో ఉంది.