ఎవరు దగ్గరికి జరగాలి?

గత ఏప్రిల్లో మా నాన్న వాట్సాప్‌లో 8 నిమిషాల ఆడియో ఒకటి పంపించాడు. నేను 40 సెకన్లు విని ఆపేశాను. ఆపేసి, "నాన్నా, ఫ్యాన్ ఆపి రికార్డ్ చెయ్యి, నాయిస్ ఎక్కువగా ఉంది" అని మెసేజ్ పెట్టాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనబడలేదు. సలహానే కదా ఇచ్చాను!

నాన్న తెనాలిలో ఉంటాడు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. పోతన పద్యాలంటే ప్రాణం. రిటైరయ్యాక రోజుకో పద్యం రాగం తీసి చదివి, అర్థం చెప్పి, ఫోన్లో రికార్డ్ చేసి నాకు పంపడం మొదలుపెట్టాడు. వెనక ఫ్యాన్ రొద, కుక్కర్ కూత, పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు. నా మెసేజ్ తర్వాత ఆడియోలు ఆగిపోయాయి. ఆగిపోయాయన్న సంగతి నేను గమనించడానికి రెండు వారాలు పట్టింది. ఎందుకంటే ఆ రెండు వారాలూ నేను మైకులు కొనే పనిలో ఉన్నాను.

నాకు కథలు చదివి రికార్డ్ చేసే సరదా ఉంది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఒక చిన్న గది, లాప్‌టాప్, ఫోన్. స్టూడియో మైకు కొనే స్తోమత లేక కాదు గానీ, సరదా కోసం అంత పెట్టాలా అనే మధ్యతరగతి జంకు. అందుకని చవకవి చూద్దామనుకున్నాను. 700 రూపాయలది ఒకటి, 1,900 రూపాయలది ఒకటి కొన్నాను. పోల్చి చూడ్డానికి ఆఫీసులో ఒక మిత్రుడి దగ్గర పాతిక వేల మైకు అరువు తెచ్చుకున్నాను. మూడూ కండెన్సర్ మైకులే. మోడల్ పేర్లు చెప్పను. ఇది మైకుల సమీక్ష కాదు.

కండెన్సర్ మైకులో ఉండే ఏర్పాటు చాలా సులువు. రెండు పలకలు, వాటి మధ్య సన్నని ఖాళీ. ఒక పలక పల్చటి పొర. మాట తగిలి ఆ పొర కదిలితే రెంటి మధ్యా దూరం మారుతుంది, ఆ మార్పే విద్యుత్ సంకేతం అవుతుంది. 1916లో ఇ.సి. వెంటే అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. చాలాకాలం ఇది ఖరీదైన వస్తువే, పలకలకి బయటినుంచి విద్యుదావేశం ఇస్తూ ఉండాలి కాబట్టి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కలిసి, ఆవేశాన్ని తనలోనే దాచుకునే పల్చటి పొరతో ఎలెక్ట్రెట్ మైకు చేశారు. దాంతో మైకు చవకయ్యింది. మన సెల్‌ఫోన్లలో ఉండే మైకు కూడా ఈ కుటుంబంలోదే. అంటే నేను నాయిస్ అని కొట్టిపారేసిన నాన్న ఆడియో కూడా కండెన్సర్ మైకు మీద చేసినదే. ఈ సంగతి ఇంజనీరింగ్ చదివిన నాకు ఇంత ఆలస్యంగా తట్టింది.

ఒకే కథలోని ఒకే పేరాని మూడు మైకుల మీదా చదివాను. వింటే, పాతిక వేలది అద్భుతంగా ఉంది. గొంతులో నిండుదనం, ఊపిరి, మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దం. 1,900ది పర్వాలేదు. 700ది రేకు డబ్బాలో మాట్లాడినట్టుంది. ఇదంతా ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా. పుస్తక సమీక్షలు రాసే అలవాటు కదా, విశేషణాలకి లోటు లేదు.

మా ఆవిడ ఆ కాగితం చదివి, "పేర్లు చూడకుండా విని చెప్పు చూద్దాం" అంది. ముందుగా మూడు ఫైళ్ళ ధ్వనినీ ఒకే స్థాయికి తెచ్చాను. ఇది తప్పనిసరి. కాస్త గట్టిగా వినిపించేదే మనకి మెరుగ్గా అనిపిస్తుంది. నేను గోడవైపు తిరిగి కూచున్నాను. ఆమె వరస మార్చి మార్చి పదిసార్లు వినిపించింది. ప్రతిసారీ అన్నిట్లోకీ ఏది బాగుందో నేను చెప్పాలి. పదిలో ఆరుసార్లు 1,900 మైకునే ఎంచుకున్నాను. పాతిక వేలది మూడుసార్లు. 700ది కూడా ఒకసారి!

దీనికి సాంకేతికమైన వివరణ ఉంది. చాలా చవక మైకులు పైస్థాయి ధ్వనుల్ని కొంచెం పెంచి చూపిస్తాయి. స, శ, చ లాంటివి మెరుస్తాయి. ఆ మెరుపుని చెవి స్పష్టత అనుకుంటుంది. కాసేపటికి విసుగొస్తుంది గానీ, అరనిమిషంలో అదే బాగున్నట్టుంటుంది. ఈ వివరణ మా ఆవిడకి ఇచ్చాను. ఆమె నవ్వి, "మరి పేర్లు చూసినప్పుడు ఆ మెరుపు వినబడలేదా?" అంది.

వినబడలేదు. వినబడింది ధర. 'నిండుదనం', 'నిశ్శబ్దం' అని నేను రాసినవి నా చెవి చెప్పినవి కావు, బిల్లు చెప్పినవి.

700ది, పాతిక వేలది ఒకటేనని నేననడం లేదు. లెక్కలు ఉన్నాయి. మంచి స్టూడియో మైకు తనంతట తాను చేసే శబ్దం 10 డెసిబెళ్ళు, ఆ చుట్టుపక్కల ఉంటుంది. చవక ఎలెక్ట్రెట్ క్యాప్సూల్‌లో 30 దాకా ఉండొచ్చు. నిశ్శబ్దమైన స్టూడియోలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ మా గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఫోన్లో యాప్ 45 చూపించింది. మైకు చేసే ఆ కాస్త రొద ఫ్యాన్ గాలికే కొట్టుకుపోయింది. పాతిక వేలు పోసి నేను కొనబోయే నిశ్శబ్దానికి మా ఇంట్లో చోటే లేదు.

ఆ ఇంట్లో నిజంగా పనికొచ్చింది వేరే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. గదిలో రొద మాత్రం ఉన్నంతే ఉంటుంది. 40 సెంటీమీటర్ల నుంచి 20కి, 20 నుంచి 10కి జరిగితే 12 డెసిబెళ్ళ లాభం. వెనక ఒక బొంత వేలాడదీస్తే గోడల మోత కూడా తగ్గుతుంది. మైకు మార్చినా రానిది, జరిగి కూచుంటే వచ్చింది.

ఇక్కడే నాకు నాన్న మెసేజ్ గుర్తొచ్చింది. ఎవరు జరగాలి?

1902లో కలకత్తాలో ఒక హోటల్ గదిలో గౌహర్ జాన్ పాటని గ్రామఫోన్ కంపెనీ కోసం ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డ్ చేశాడు. అప్పటికి రికార్డింగులో మైకు వాడకం లేదు. పెద్ద బాకా లాంటి గొట్టంలోకి గట్టిగా పాడాలి. మూడు నిమిషాల్లో ముగించాలి. ఇవాళ ఆ రికార్డు వింటే పాటకంటే ముందు గరగర వినిపిస్తుంది. అయినా మనం ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఆ గరగర వెనక ఉన్న మనిషి కోసం వెతుక్కుంటాం. నేనూ అలాగే విన్నాను, ఒకటికి నాలుగుసార్లు. ఆ గరగరకి నేను పెట్టుకున్న పేరు చరిత్ర. మా నాన్న ఫ్యాన్‌కి పెట్టిన పేరు నాయిస్. రెండింట్లో తేడా ధ్వనిలో లేదు, ఎవరి కోసం నేను ముందుకు వంగడానికి సిద్ధపడ్డానన్న దాంట్లో ఉంది.

పుస్తకాల విషయంలోనూ ఇదే చేశానని ఒప్పుకోవాలి. ఆ మధ్య ఎవరో కొత్త కవి సొంత ఖర్చుతో వేసుకున్న సంపుటి పోస్టులో పంపాడు. పల్చటి కాగితం, పేజీకి రెండు అచ్చుతప్పులు. పది పేజీల తర్వాత మూసేశాను. అదే నెలలో ఒక పేరున్న రచయిత పుస్తకంలో అన్నే తప్పులుంటే, "అక్కడక్కడా అచ్చుతప్పులు పంటి కింద రాళ్ళలా తగులుతాయి" అని ఒక్క వాక్యంలో సర్దేసి, మూడు పేజీలు మెచ్చుకున్నాను. ఒకరి విషయంలో రాళ్ళు ఏరుకుని అన్నం తిన్నాను. రెండోవారి విషయంలో విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

అయితే నాణ్యత అక్కర్లేదా? వినేవాడి చెవికి, చదివేవాడి కాలానికి విలువ లేదా? ఉంది. కథ చదివి పదిమందికి వినిపించాలనుకునే నేను ఫ్యాన్ ఆపాలి, బొంత కట్టాలి, తడబడిన వాక్యం మళ్ళీ చదవాలి. అది నా బాధ్యత. "నా దగ్గర ఉన్నది ఇంతే, వినండి" అనడం వినేవాళ్ళని లెక్కచెయ్యకపోవడమే. అచ్చుతప్పులు దిద్దుకోకుండా పుస్తకం వేసిన కవికి కూడా అందులో వాటా ఉంది. దాన్ని కాదనను.

కానీ దూరం తగ్గించే పని ఎప్పుడూ రెండు వైపులా సమానంగా ఉండదు. కొన్నిసార్లు ఒకరికి అది మహా కష్టం, ఇంకొకరికి తేలిక. మా నాన్నకి 68 ఏళ్ళు. వేసవిలో తెనాలిలో ఫ్యాన్ ఆపుకుని ఎనిమిది నిమిషాలు పద్యం చదవాలి. నాకేమో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ రెండు గీతలు పెంచితే సరిపోయేది. ఇద్దరిలో ఎవరు జరగాలో చెప్పడానికి నీతిశాస్త్రం అక్కర్లేదు. అయినా నేను నాణ్యత పేరు చెప్పి కష్టాన్ని ఆయనవైపు నెట్టాను. 'ప్రమాణాలు' అనే మాటని మనం చాలాసార్లు ఇందుకే వాడతామని నా అనుమానం. ప్రమాణం మనల్ని మనం కొలుచుకునేదైతే మంచిదే. ఎదుటివాడి మాట వినకుండా ఉండటానికి వాడితే, అది తలుపుకి వేసుకున్న గడియ.

మే చివర్లో 1,900 మైకు సంచిలో వేసుకుని తెనాలి వెళ్ళాను. నాన్నని కుర్చీలో కూచోబెట్టి, వెనక దండెం మీద బొంత ఆరేసి, మైకుని నోటికి జానెడు దూరంలో పెట్టాను. ఫ్యాన్ సంగతి నేను ఎత్తకుండానే ఆయనే అన్నాడు: "ఒరేయ్, ఫ్యాన్ ఆపమని మాత్రం అనకు. గజేంద్రుడి సంగతి తర్వాత, ముందు నన్ను మొసలి పట్టుకుంటుంది." ఆపలేదు. మైకుని ఇంకాస్త, బెత్తెడు దూరానికి జరిపాను.

రికార్డింగ్‌లో ఫ్యాన్ ఉంది. కానీ వెనక్కి పోయింది. ముందుకొచ్చినది ఆయన ఊపిరి. నా చిన్నప్పుడు ఒక్క ఊపులో చదివే పాదం మధ్యలో ఇప్పుడు ఆగుతున్నాడు. ఎదురుగా కూచుని ఎన్నోసార్లు విన్నా ఇది నాకు తెలియలేదు. 1,900 రూపాయల మైకు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఏప్రిల్ నాటి ఆడియో వెతికి, మొదటినుంచి పెట్టాను. పద్యం అయ్యింది. అర్థం చెప్పాడు. ఏడో నిమిషంలో గొంతు తగ్గించి, "రేపు చదవాలనుకున్న పద్యంలో మూడో పాదం మధ్యలో ఒక మాట గుర్తు రావడం లేదురా. రెండు రోజులుగా వేధిస్తోంది. పుస్తకం అటక మీదుంది, ఎక్కలేను. నీ ఫోన్లో చూసి చెప్తావా?" అన్నాడు.

దానికి నేనిచ్చిన జవాబు, ఫ్యాన్ ఆపమని.

రైల్లోంచే ఫోన్ చేసి ఏ పద్యమో అడిగాను. "ఎప్పటి సంగతిరా అది" అన్నాడు. ఆ మాట ఆయనకి తర్వాత దానంతటదే గుర్తొచ్చిందట.