తెలియని పాపం

తెలిసి చేస్తే తప్పు, తెలియక చేస్తే పొరపాటు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని తెలియక పెట్టిన విషం కాస్త తక్కువగా పనిచేస్తుందా?

పసుపునే తీసుకోండి. మనకది వంటింటి దినుసు మాత్రమే కాదు. గడపకీ పసుపే, పాదాలకీ పసుపే. కొట్లో రెండు రకాలు పక్కపక్కన ఉంటే మన చెయ్యి దేనిమీదికి పోతుంది? నిగనిగలాడేదాని మీదికే కదూ!

ఆ నిగనిగ కోసమే మన పొరుగున బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకి లెడ్ క్రోమేట్ అనే రంగు పట్టించేవారు. 1980ల్లో వరదలకి తడిసి కొమ్ములు రంగు చెడితే మొదలైందట ఆ అలవాటు. ఆ రంగులో ఉండేది సీసం. పసిపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీసే సీసం.

మరి పాపం ఎవరిది? రంగు పట్టించినవాడు "కొనేవాళ్లకి అదే కావాలి" అంటాడు. కొట్టతను "వచ్చిన సరుకు అమ్ముతున్నాను" అంటాడు. ఇల్లాలు "మంచి రంగున్నది ఏరి తెచ్చాను" అంటుంది. అందరూ మంచివాళ్లే! బిడ్డ నెత్తురులో మాత్రం సీసం చేరుతుంది.

లేబొరేటరీ అక్కరకొచ్చేది ఇక్కడే. కంటికీ, ముక్కుకీ, నాలుకకీ అందనిదాన్ని అది అంకెల్లో చూపిస్తుంది. అక్కడి గర్భిణుల రక్తంలోని సీసం చాలావరకు పసుపు నుంచే వచ్చి ఉంటుందని 2019లో పరిశోధకులు తేల్చారు. ప్రభుత్వం ఆ సంగతి ఊరూరా చాటింది. బజార్లలో తనిఖీలు చేసి జరిమానాలు వేసింది. 2019లో బజారు పసుపు నమూనాల్లో నూటికి 47 వాటిలో కనిపించిన సీసం, 2021కల్లా ఒక్కదానిలోనూ కనిపించలేదు.

రెండేళ్లలో వ్యాపారులంతా ధర్మరాజులైపోయారని నేననుకోను. "నాకు తెలీదు" అనే చాటు పోయింది, అంతే.

మన దేశంలోనూ 2006 నాటి ఆహార భద్రత చట్టంలో ఒక వెసులుబాటుంది. కొన్న వస్తువుని మామూలు మనిషి కూడా రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ అని తేలితే ఆ రుసుము వెనక్కిస్తారు. కాకపోతే, పరీక్షకి పంపుతున్నట్టు కొనేటప్పుడే కొట్టతనితో చెప్పాలి. అక్కడే వస్తుంది చిక్కు! ఏళ్ల తరబడి "అమ్మా, బాగున్నారా?" అని పలకరించే మనిషితో ఆ మాట ఎలా అనడం?

అనుమానించినట్టు అవుతుందని మన మొహమాటం. కాని కొమ్ముల్ని పొడి చేసింది అతను కాదు. అందులో ఏముందో అతనికీ తెలియదు. నిజాయితీపరుడికి పరీక్ష అవమానం కాదు, అండ. మచ్చపడేది దొంగసరుక్కే.

రంగు వెలిసిన పసుపంతా మంచిదనీ కాదు, మెరిసేదంతా విషమనీ కాదు. చూపుతో తేలే సంగతి కాదిది. తెలుసుకునే దారి లేనప్పుడు తెలియకపోవడం అమాయకత్వం. దారి ఉండీ మొహమాటానికి కళ్లు మూసుకుంటే, దాన్నింకా పొరపాటనే అందామా?